తిరిగి రాని పుస్తకం దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: మేం పెరంబూరులో ఉంటాం. మా ఆయన ఐసీఎఫ్‌లో, అంటే ఇక్కడి రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, చేసి రిటైరయ్యారు. నేను పుట్టి పెరిగింది మద్రాసులోనే గానీ మా అమ్మ పుట్టిల్లు తెనాలి దగ్గర పల్లెటూరు. గ్రంథాలయాల మీదా గ్రంథపాలకుల మీదా వచ్చిన చారిత్రక నవలలు మా అమ్మాయి వరసగా తెచ్చిస్తోంది, అన్నీ ఇంగ్లీషువే. కెంటకీ కొండల్లో గుర్రాల మీద పుస్తకాలు పంచిన ఆడవాళ్ల కథ చదివి రెండు రోజులు మామూలు మనిషిని కాలేకపోయాను. మా అమ్మ వాళ్ల నాన్నగారు కూడా 1930లలో ఊళ్లో చిన్న గ్రంథాలయం నడిపారు. రేకు పెట్టెలో పుస్తకాలు పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లకు నడిచి వెళ్లేవారట. ఆయన రాసిన రిజిస్టరు ఒకటి నా దగ్గరుంది. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారు, ఎప్పుడు తెచ్చిచ్చారు, అంతే, కథేమీ లేదు. దాని మీద నవల రాయాలని ఉంది. ఈ రకం నవలల్లో ఏవి చదివితే నాకు పనికొస్తాయి? వాటిలో నిజమెంత, కల్పన ఎంత? నిజంగా ఉన్న మనుషుల పేర్లు పెట్టొచ్చా? అసలు మనవాళ్లలో ఇంత కథ ఉందా, లేక తాతగారి మీద ప్రేమకొద్దీ నేనే ఊహించుకుంటున్నానా?
— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు:

అమ్మా,

మీరు అడిగిన ప్రశ్నలకంటే, మధ్యలో అనేసి వదిలేసిన ఒక మాట నన్ను ఎక్కువ పట్టుకుంది. "అంతే, కథేమీ లేదు" అన్నారు. పదిహేనేళ్ల కిందట ఒక శాఖా గ్రంథాలయంలో, ఊరి పేరు చెప్పను, గది ఖాళీ చెయ్యాలని పాత ఇష్యూ రిజిస్టర్లన్నీ తూకానికి వేసేశారు. పుస్తకాలు మాత్రం ఉంచుకున్నారు. కబురు తెలిసి నేను వెళ్లేసరికి బండి వెళ్లిపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. పుస్తకం ఇక్కడ పోతే ఇంకో ఊళ్లో ఇంకో ప్రతి దొరుకుతుంది. ఎవరు ఏ పుస్తకం కోసం ఏ సాయంత్రం వచ్చి నిలబడ్డారో రాసిన కాగితం లోకంలో ఒక్కటే ఉంటుంది. అలాంటిది మీ బీరువాలో భద్రంగా ఉంది.

అందుకని నవల సంగతికి ముందు ఒక పని చెయ్యండి. పగటి వెలుగులో, కిటికీ పక్కన పెట్టి, ప్రతి పేజీనీ ఫోనుతో ఫోటో తీయండి. ఖాళీ పేజీలు, అట్ట లోపలి వైపు కూడా వదలొద్దు. లెక్కలు, మందు పేర్లు, ఎవరిదో చిరునామా సాధారణంగా అక్కడే ఉంటాయి. చిరిగినచోట సెల్లో టేపు వెయ్యకండి, లామినేషన్ అసలు చేయించకండి, రెండూ కాగితాన్ని పాడు చేస్తాయి. ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, చెమ్మ తగలనిచోట పడుకోబెట్టి ఉంచండి. ఇకమీదట ఆ ఫోటోలతోనే పని చేసుకోండి.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న. మీరు ఊహించుకోవడం లేదు. మీరు చదివిన కెంటకీ కథ వెనక ఉన్నది నిజమైన చరిత్రే. ఆర్థిక మాంద్యంలో పనుల్లేనివాళ్లకు పని చూపించడానికి అమెరికా ప్రభుత్వం పెట్టిన పథకం కింద 1935లో ఆ సర్వీసు మొదలైంది. ఆ ఆడవాళ్లకు జీతం నెలకు సుమారు 28 డాలర్లు. గుర్రాన్నో కంచరగాడిదనో వాళ్లే సమకూర్చుకోవాలి. పుస్తకాలు చాలక పాత పత్రికల్లోంచి వంటల సంగతులు, దుప్పట్లు కుట్టే నమూనాలు కత్తిరించి అంటించి, వాళ్లే కొత్త పుస్తకాలు కట్టి ఇంటింటికీ తిప్పారు. 1943లో పథకంతోపాటు అదీ ఆగింది.

మరి ఆ 1935లో మీ అమ్మగారి ఊరి చుట్టుపక్కల ఏం జరుగుతోందో తెలుసా? పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు, కొల్లిపరకూ పెదవడ్లపూడికీ మధ్య. అక్కడ కొండదారి గుర్రం, ఇక్కడ డెల్టా కాలువ పడవ. దానికి నాలుగేళ్ల ముందు, 1931లో, ఇటు తమిళదేశంలో మన్నార్‌గుడి దగ్గర ఎడ్లబండి మీద గ్రంథాలయం ఊళ్లు తిరిగింది. ఇవేవీ ఉన్నట్టుండి పుట్టినవి కావు. 1914 ఏప్రిల్లోనే అయ్యంకి వెంకటరమణయ్య గారు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధుల్ని పోగుచేసి సంఘం కట్టారు. ఆరేళ్లు తిరక్కుండా, 1919 నవంబరులో, అఖిల భారత గ్రంథాలయ మహాసభను మీరున్న ఈ మద్రాసులోనే జరిపించారు. రేకు పెట్టెతో నడిచిన మీ తాతగారు ఒంటరి మనిషి కారు. ఆ ఉద్యమంలో ఆఖరి వరసలో, పేరు ఎక్కడా అచ్చు కాకుండా నడిచినవారు. నవలకు అలాంటివారే కావాలి. ముందు వరసలోవాళ్లకు జీవిత చరిత్రలు ఉన్నాయి.

ఏం చదవాలన్నారు. ఈ మధ్య ఈ రకం నవలలు విపరీతంగా వస్తున్నాయి. యుద్ధం, ఐరోపా నగరం, ధైర్యవంతురాలైన గ్రంథపాలకురాలు, అట్ట మీద వెనక్కి తిరిగి నిలబడ్డ అమ్మాయి. అలాంటివి రెండు చదివాక మూడోది నేర్పేది తక్కువ. నేను ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఆ నవల్లోంచి గ్రంథాలయాన్ని తీసేసి ఆ స్థానంలో బట్టల కొట్టు పెడితే కథ నడుస్తుందా? నడిస్తే అది గ్రంథాలయం నవల కాదు. పుస్తకాల వాసన గురించి ఎన్ని పేజీలు రాసినా కాదు. అరువివ్వడం, వరసలో పెట్టడం, దాచడం, నకలు రాయడం, ఇవ్వనని చెప్పడం, ఈ పనుల్లోంచే కథ మలుపు తిరగాలి.

ఆ లెక్కన మీరు మొదట చదవాల్సింది స్పానిష్ రచయిత ఆంటోనియో ఇతుర్బే రాసిన 'ది లైబ్రేరియన్ ఆఫ్ ఆష్విట్జ్'. స్పానిష్‌లో 2012లో వచ్చింది, 2017 నుంచి ఇంగ్లీషులో దొరుకుతోంది. నాజీల నిర్బంధ శిబిరంలో, పిల్లల్ని ఉంచిన 31వ బ్లాకులో, పద్నాలుగేళ్ల పిల్లకు కొన్ని పుస్తకాలు అప్పగిస్తారు. నవల్లో అవి ఎనిమిదే. పొద్దున్న తీసి పంచాలి, సాయంత్రం లెక్కపెట్టి దాచాలి. దొరికితే ప్రాణం పోతుంది. అది చదువుతుంటే మీ తాతగారి పెట్టె మీకు వేరేగా కనబడుతుంది. ఆ నవల్లో నన్ను కదిలించింది ఇంకోటి ఉంది. పుస్తకాలు చాలవు గనక, ఏదో ఒక కథ బాగా గుర్తున్న పంతుళ్లే పుస్తకాలవుతారు. ఒక్కో జట్టు పిల్లల దగ్గరికీ వంతులవారీగా వెళ్లి తమకొచ్చిన కథ చెబుతారు. హరికథలు, బుర్రకథలు విన్న జాతి మనది. మనిషే పుస్తకం కావడం మనకు కొత్త సంగతి కాదు. మీ తాతగారు వెళ్లిన ఊళ్లలో చదవడం రానివాళ్లు ఎందరో ఉండేవారు. వాళ్లకు ఎవరైనా చదివి వినిపించారా? అది మీ నవల్లో ఒక అధ్యాయం.

ఈ పుస్తకాన్ని ముందుపెట్టడానికి ఇంకో కారణం, నిజమెంత కల్పన ఎంత అన్న మీ ప్రశ్నకు ఇందులోనే జవాబు ఉంది. ఆ పిల్ల నిజంగా ఉంది, పేరు డీటా క్రౌస్. బతికి బయటపడింది. రచయిత ఆమెతో మాట్లాడే రాశాడు, అయినా నవల్లో ఆ పిల్ల ఇంటిపేరు మార్చాడు. తర్వాత ఆమె తన జీవితాన్ని 'ఎ డిలేడ్ లైఫ్' అని తానే రాసుకుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. నవల్లో ఒక సాహసం పేజీలకు పేజీలు సాగినచోట ఆవిడ ఎంత తక్కువ మాటల్లో చెబుతారో గమనించండి. నవలాకారుడు ఏం చేర్చాడు, ఎందుకు చేర్చాల్సి వచ్చింది, చేర్చకపోయినా నిలబడేదా? ఈ మూడు ప్రశ్నలూ వేసుకుంటూ చదివితే నవల రాయడం సగం వచ్చేసినట్టే.

రెండోది 'ది పర్సనల్ లైబ్రేరియన్', 2021. మేరీ బెనడిక్ట్, విక్టోరియా క్రిస్టఫర్ మరే కలిసి రాశారు. న్యూయార్క్ కోటీశ్వరుడు జె. పి. మోర్గన్ 1905లో తన పుస్తకాలు చూసుకోవడానికి పెట్టుకున్న బెల్ గ్రీన్ కథ. ఆమె తండ్రి హార్వర్డ్ కాలేజీలో పట్టా పొందిన మొదటి నల్లజాతి మనిషి. ఆమె మాత్రం బతుకంతా తెల్ల మనిషిగా చెలామణీ అయింది. పోయేముందు తన సొంత కాగితాలు కాల్చేసింది. కాగితం లేనిచోట నవలాకారులు ఎలా అడుగు వేశారో చూడ్డానికి ఇది చదవండి. మీ రిజిస్టరులోనూ కాలిపోయినట్టే ఖాళీగా ఉన్న చోట్లు ఉంటాయి.

ఉంబెర్టో ఎకో 'ది నేమ్ ఆఫ్ ది రోజ్' మూడోది, తొందర లేదు. 1327లో ఇటలీలో ఒక సన్యాసుల మఠం, అందులో ఎవరినీ లోపలికి రానివ్వని గ్రంథాలయం. మొదటి వంద పేజీలూ ఓపిక పట్టాలి. ఆ పై కథంతా ఒకటే: పుస్తకాన్ని చదవనివ్వకుండా కాపాడడం. మీ తాతగారు చేసినదానికి సరిగ్గా ఎదురు పని. గ్రంథాలయానికి రెండు ముఖాలూ ఉన్నాయని తెలియాలి గనక చెబుతున్నాను.

ఇక మీ రిజిస్టరు. దాన్ని కథ కోసం వెతక్కండి, లెక్క కోసం చదవండి. తెల్లకాగితం తీసుకుని ముందు పేర్లన్నీ రాసుకోండి. ఆడవాళ్లు ఎందరు? వాళ్ల పేర్లు సొంత పేర్లుగా ఉన్నాయా, "ఫలానావారి కోడలు" అని ఉన్నాయా? అలా రాసి ఉంటే పుస్తకం తీసుకెళ్లింది ఎవరు, చదివింది ఎవరు? మరిది తీసుకెళ్లి వదినకిచ్చాడా? ఒకే పేరు మీద వారానికి నాలుగు పుస్తకాలు కనబడితే ఆ ఇంట్లో చదివే చేతులు ఇంకా ఉన్నట్టే.

తర్వాత తేదీలు. ఎక్కడ నెలల తరబడి ఒక్క పద్దు కూడా లేదు? కృష్ణా కాలువలు ఎండాకాలంలో మరమ్మతులకు కట్టేస్తారు, పడవలు ఆగిపోతాయి. కోతల రోజుల్లో మనుషులు పొలాల్లో ఉంటారు. దీపానికి కిరసనాయిలు ఉంటేనే రాత్రి చదువు. ఆ ఖాళీల వెనక ఊరి బతుకంతా ఉంది. 1939 తర్వాత పేజీలుంటే ఇంకా జాగ్రత్తగా చూడండి. యుద్ధం వచ్చాక ఊళ్లో అందరూ అడిగిన పుస్తకాలు మారాయా?

తర్వాత పుస్తకాల పేర్లు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' అందులో ఉందా? మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించి తర్వాత ఎత్తేసింది. మీది గుంటూరు జిల్లా, ఆయనదీ అదే జిల్లా. ఆ పుస్తకం పేరుంటే దాని ఎదురుగా ఎవరి పేరుందో చూడండి. లేకపోతే ఎందుకు లేదో ఆలోచించండి. పెట్టె అడుగున పెట్టి, రాయకుండా ఇచ్చారేమో అని నవలాకారిణిగా మీరు ఊహించవచ్చు, అది మీ హక్కు.

ఇంకొకటి అడగాలి, ఇది మీకు కష్టంగా ఉండొచ్చు. ఊరి చివర మాలపల్లె, మాదిగపల్లె ఉండి ఉంటాయి కదా. అక్కడివాళ్ల పేరు ఒక్కటైనా రిజిస్టరులో ఉందా? ఉంటే మీ తాతగారు ఆ పుస్తకాన్ని ఎలా ఇచ్చారు, చేతికిచ్చారా, అరుగు మీద పెట్టారా? లేకపోతే పెట్టె ఆ వీధిలోకి ఎందుకు వెళ్లలేదు? తాతగారి మీద ప్రేమతో ఈ ప్రశ్నను దాటేస్తే నవల ఆయన ఫోటోకు వేసిన దండ అవుతుంది. ఈ ప్రశ్నతో తలపడితే ఆయన మనిషిగా లేచి నిలబడతారు. ఆయన తప్పు చేశారనో గొప్పవారనో మీరు తేల్చనక్కర్లేదు. ఆ వీధి మలుపు దగ్గర పెట్టె భుజాన పెట్టుకుని ఆయన ఆగిన ఒక్క క్షణం రాయగలిగితే చాలు.

అన్నిటికంటే ముఖ్యం, తిరిగి వచ్చిన తేదీ గడి ఖాళీగా ఉన్న పుస్తకాలు. ప్రతి గ్రంథాలయంలోనూ ఉంటాయి. అలాంటి ఒక్కదాన్ని ఎంచుకోండి. తీసుకున్నది ఎవరు? ఊరు వదిలి వెళ్లిపోయారా, చనిపోయారా, అత్తారింటికి తీసుకెళ్లారా, మనసొప్పక ఉంచేసుకున్నారా? తాతగారు అడగడానికి వెళ్లారా? వెళ్లి, అడక్కుండా వచ్చేశారా? మీ నవల అక్కడ మొదలవుతుంది.

పేర్ల విషయం సూటిగా చెబుతాను. రిజిస్టరులో ఉన్న ఊరివాళ్ల పేర్లు మార్చెయ్యండి, ఇంటిపేర్లతో సహా. వాళ్ల మనవలు ఇప్పుడు తెనాలిలోనో మీ పక్క వీధిలోనో ఉంటారు. అయ్యంకి, పాతూరి లాంటి ప్రజాజీవితంలోని వారిని అసలు పేర్లతోనే రానివ్వండి, కానీ వాళ్లు అనని మాట వాళ్ల నోట పెట్టకండి. దూరం నుంచి కనిపిస్తే చాలు: సభలో వేదిక మీద, పడవ దిగుతూ. మీ తాతగారికి కూడా వేరే పేరు పెట్టమంటాను. ఆయన పేరుంటే మీ కలం మర్యాద చేస్తూ కూర్చుంటుంది. చివర రెండు పేజీల్లో ఏది నిజమో ఏది కల్పించారో చెప్పెయ్యండి.

చెన్నైలో ఉన్నారు గనక మీకున్న వసతి తెనాలిలో ఉన్నవాళ్లకు కూడా లేదు. ఒకరోజు తీరిక చేసుకుని కోట్టూరుపురం వెళ్లండి. అన్నా శతాబ్ది గ్రంథాలయ భవనంలోనే 1869లో పుట్టిన ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కర్నల్ మెకంజీ పోగుచేయించిన కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, బ్రౌన్ దొర కూడబెట్టిన తాళపత్రాలు అక్కడికి చేరాయి. మెకంజీ పేరు అందరికీ తెలుసు. ఊరూరా తిరిగి కరణాల దగ్గర కూర్చుని ఆ చరిత్రలు రాయించింది ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు, వాళ్ల మనుషులు. వాళ్లలో బొర్రయ్య 1803లో, ఇంకా ముప్ఫై నిండకుండానే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య పని అందుకున్నాడు. 1821లో మెకంజీ పోయాక ఆ పనిని నేను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే దొరలు ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్లు చేసిన పనికే తగనివాడని అనిపించుకున్న ఆ మనిషి మీద తెలుగులో పెద్ద నవల రావాలని నాకు ఎన్నాళ్లనుంచో కోరిక. మీ నవల అయ్యాక దాని గురించి మాట్లాడుకుందాం.

అక్కడ తాళపత్రాలు చూసే వీలు దొరికితే చివరి ఆకు మీద దృష్టి పెట్టండి. నకలు రాసిన లేఖకులు పుస్తకం చివర ఒక శ్లోకం రాయడం ఆనవాయితీ: వీపు, నడుము, మెడ విరిగేలా, చూపు కదపకుండా, తల వంచుకుని, కష్టపడి రాశాను ఈ గ్రంథం, "యత్నేన పరిపాలయేత్", ప్రయత్నపడి కాపాడండి అని. గ్రంథపాలకుడు అన్న మన మాటలో ఉన్నది ఆ పాలనే. ఇంగ్లీషు మాటలో పుస్తకం ఒక్కటే ఉంది, మన మాటలో లేఖకుడి వేడుకోలు కూడా ఉంది. మీ తాతగారు ఆ మాటను తన పేరు కింద రాసుకున్నారా? రిజిస్టరు మొదటి పేజీ చూడండి.

ఇంకో మాట, అది కూడా ఈ ఊరి సంగతే. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడని పేరుపొందిన ఎస్. ఆర్. రంగనాథన్ గారిని 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి మొదటి గ్రంథపాలకుడిగా వేస్తే, లెక్కల పంతులైన ఆయనకు ఆ నిశ్శబ్దంలో తోచలేదు. వారం తిరక్కుండానే పాత ఉద్యోగానికి పంపెయ్యమని అడిగారు. లండన్ వెళ్లి చూసిరా, అప్పటికీ నచ్చకపోతే చూద్దాం అని పంపారు. వెళ్లి వచ్చిన మనిషి ఇక జన్మంతా ఆ పని వదల్లేదు. మీ నవల్లో కూడా తాతగారిని మొదటి పేజీ నుంచే పుస్తకాల భక్తుడిగా చూపించకండి. ఆయనకూ విసుగొచ్చిన రోజులుంటాయి. పెట్టె బరువుకు భుజం కాయకట్టి, పొలం పని వెనకబడి, ఇంట్లో మీ అమ్మమ్మ గారు "ఊరందరికీ పుస్తకాలు, మన పిల్లలకు బట్టల్లేవు" అని ఉంటారు. ఆవిడ నవల్లో గట్టిగా మాట్లాడాలి. నా మాట వినండి, ఆవిడకు సగం నవల ఇవ్వండి.

భాష గురించి మీరు అడగలేదు. తెలుగులోనే రాయండి. "రేకు పెట్టె" అని మీ ఉత్తరంలో ఎంత తేలిగ్గా వచ్చిందో అంత తేలిగ్గా మిగతాదీ రావాలి. ఆ కాలానికి అణాలు, కానులే తప్ప నయాపైసలు లేవు, అవి 1957లో వచ్చాయి. ఇలాంటి చిన్నవాటి కోసం ఆనాటి ఆంధ్రపత్రిక, అయ్యంకి గారు కట్టిన గ్రంథాలయ సంఘంవారి పత్రిక 'గ్రంథాలయ సర్వస్వం' పాత సంచికలు చదవండి. ప్రకటనలు కూడా వదలొద్దు, ధరలన్నీ వాటిలోనే ఉంటాయి.

ఈ నెల్లో ఒక పని పెట్టుకోండి. ఫోటోలు తీయడం అయ్యాక, తిరిగి రాని పుస్తకాల జాబితా ఒక్కటి రాయండి. పుస్తకం పేరు, తీసుకున్న తేదీ, తీసుకున్నవాళ్ల పేరు. అందులోంచి మీకు నిద్ర పట్టనివ్వని ఒక్క వరసను ఎంచుకుని, తాతగారు ఆ పుస్తకం అడగడానికి బయల్దేరిన పొద్దుటి మీద నాలుగు పేజీలు రాయండి. పేర్లు మార్చి నాకు పంపండి. ఎదురు చూస్తుంటాను.